రీబస్ జైల్లో: ఇరవై అయిదో పుస్తకం చదివినవాళ్ళు ఇటు రండి (హంతకుడి పేరు రాయొద్దు)

మడతపేజీ
ఇయాన్ రాంకిన్ రాసిన 'మిడ్‌నైట్ అండ్ బ్లూ' నిన్న రాత్రి పూర్తయింది. 2024లో వచ్చింది, జాన్ రీబస్ నవలల్లో ఇరవై అయిదోది. చదివినవాళ్ళుంటే మాట్లాడుకుందాం. హంతకుడెవరో నేను రాయను, మీరూ రాయకండి. రీబస్ జైల్లో ఉన్నాడన్న సంగతి మాత్రం దాచలేం, అట్ట వెనకే అచ్చేశారు.

1987 నుంచి ఎడిన్‌బరా నేరస్థుల్ని లోపలికి పంపుతూ వచ్చిన పోలీసు ఇప్పుడు అదే ఊరి జైల్లో ఖైదీ. తను పట్టిచ్చినవాళ్ళలో కొందరు అక్కడే ఉన్నారు. మాజీ పోలీసు అంటే జైల్లో ఎంత గౌరవం దొరుకుతుందో మీరే ఊహించుకోండి. డారిల్ క్రిస్టీ అనే ముఠా నాయకుడి అండ ఉంది కాబట్టి ఇన్నాళ్ళు ఒంటి మీద దెబ్బ పడకుండా నెట్టుకొస్తున్నాడు. ఇంతలో ఒక రాత్రి, తాళం వేసి ఉన్న గదిలో ఒక ఖైదీ హత్య. అదే గదిలో ఉండే రెండోవాడు బతికే ఉన్నాడు. బయటేమో, ఒకప్పుడు అతని కింద పనిచేసిన పోలీసు షివోన్ క్లార్క్, కనిపించకుండా పోయిన ఒక స్కూలు పిల్ల కోసం వెతుకుతూ ఉంటుంది.

నాకు బాగా పట్టేసింది ఏమిటంటే, రీబస్ చేతిలో ఈసారి ఏమీ లేదు. కార్డు లేదు, కారు లేదు, ఆక్స్‌ఫర్డ్ బార్‌లో తన మూల లేదు. ఒకప్పుడు ఎవరి తలుపైనా దబదబా బాదేవాడు, ఇప్పుడు ఇంకొకరు వచ్చి తలుపు తీసేదాకా మంచం మీద కూర్చోవాలి. అయినా ఆరా తీయడం మానడు. ఎవరు చంపారన్న టెన్షన్ నాకు సగంలోనే పోయింది. ఈ ముసలాయన ఆ గోడల మధ్య నుంచి ప్రాణాలతో బయటపడతాడా లేదా అన్నదొక్కటే చివరిదాకా లాక్కెళ్ళింది.

కొసమెరుపు
చదివానండీ. మీకు నచ్చినంత నాకు నచ్చలేదు.

డిటెక్టివ్‌ని జైల్లో పెట్టడం ఐడియాగా భలే ఉంది. కానీ దానివల్ల కథ మూడు ముక్కలైపోయింది. లోపల రీబస్, బయట షివోన్, ఇద్దరి మధ్యా దూరుతూ మాల్కమ్ ఫాక్స్ అనే ఇంకో పోలీసు. హత్య కేసు చూసే టీమ్ మళ్ళీ వేరే. ఒక్కో అధ్యాయం నాలుగైదు పేజీలే. ఒకరితో కుదురుకునేలోపు ఇంకొకరి దగ్గరికి తీసుకుపోతాడు. పేర్లు గుర్తుపెట్టుకోవడానికి వెనక్కి వెళ్ళిరావడమే సరిపోయింది. ఇదే రచయిత పాత పుస్తకాల్లో రీబస్ భుజం మీద కూర్చుని ఊరంతా తిరిగేవాళ్ళం. ఆ సుఖం ఇందులో లేదు.

ఇంకోటి, ముసలాయన బతుకుతాడా అని టెన్షన్ పడ్డానన్నారు. నేను పడలేదు. ఇరవై అయిదు పుస్తకాలుగా అచ్చవుతున్న మనిషిని మధ్యలో పొడిచి చంపేస్తారా?

గళ్ళనుడికట్టు
'తాళం వేసిన గది' గురించి ఎవరూ మాట్లాడట్లేదేం? నేను పుస్తకం కొన్నదే దానికోసం.

మామూలుగా ఈ రకం కథల్లో గది లోపలినుంచి గడియ పెట్టి ఉంటుంది. లోపల శవం, హంతకుడు మాయం, ఎలా బయటికి పోయాడన్నదే ప్రశ్న. ఎడ్గార్ అలన్ పో 1841లో రాసిన 'మర్డర్స్ ఇన్ ద రూ మోర్గ్' నుంచి ఇదే వరస. 1935లో జాన్ డిక్సన్ కార్ అయితే 'ద హాలో మ్యాన్'లో తన డిటెక్టివ్ చేత ఏకంగా ఒక అధ్యాయం పాఠమే చెప్పించాడు, తాళం వేసిన గదిలో హత్య ఎన్ని రకాలుగా చేయొచ్చో వర్గాలుగా విడదీసి మరీ.

జైలు గదికి గడియ బయట ఉంటుంది. తాళాలు సిబ్బంది చేతిలో ఉంటాయి. అంటే 'హంతకుడు ఎలా బయటికి పోయాడు' అన్న ప్రశ్నకి ఇక్కడ విలువే లేదు. మిగిలేవి రెండే దారులు. గదిలో ఉన్న రెండోవాడైనా చేసి ఉండాలి, లేదంటే తాళం ఉన్నవాడు తలుపైనా తీసి ఉండాలి. మొదటిది మరీ తేలిక కాబట్టి ఎవడూ నమ్మడు. రెండోది నిజమైతే ఆ భవనంలో కాపలా కాసే ప్రతివాడూ అనుమానితుడే. దారాలు, అయస్కాంతాలు, పొగగొట్టాలు అక్కర్లేదు. ఎవరు ఎవరికి బాకీ, ఎవరు ఎవరికి లొంగిపోయారు అన్నదే చిక్కుముడి. అందుకే రీబస్ లాంటివాడికి ఇది సరిగ్గా సరిపోయింది. గడియల సంగతి అతనికేం తెలుసు, మనుషులు ఎక్కడ మెత్తబడతారో తెలుసు గానీ.

డిక్సన్ కార్ అభిమానులకి నిరాశ తప్పదు. నేనూ కొంచెం నిరాశపడ్డాను. అయినా పెట్టిన డబ్బు దండగనిపించలేదు.

తొలిమెట్టు
అందరికీ నమస్కారం. రీబస్ పుస్తకం ఒక్కటీ చదవలేదు. ఫ్రెండ్ ఈ ఇరవై అయిదోదే చేతిలో పెట్టి చదవమంది. మొదలుపెట్టేయొచ్చా? లేక ముందువి ఇరవై నాలుగూ చదవాలంటారా? అలా అయితే ఇప్పుడే తిరిగిచ్చేస్తాను.

రాత్రిబండి
చదివేయండి. కేసు కేసుకీ తెంపుకునేలాగే రాస్తారు వీళ్ళు. ఎవరు ఎవరో రెండు ముక్కల్లో చెప్పేస్తాడు. సిరీస్ అనగానే ఒకటి నుంచి మొదలెట్టాలన్న పట్టుదలతో చాలామంది అసలు మొదలే పెట్టరు.

పాతకాగితం
తొలిమెట్టు గారూ, ఆ మాట వినకండి. చదివితే అర్థమవుతుంది, అందులో సందేహం లేదు. కానీ రీబస్ జైలుకెళ్ళడం మీకు కథ మొదట్లో చెప్పిన సమాచారంలా ఉంటుంది. మాకది పెద్ద దెబ్బ. అంతకుముందు 2022లో వచ్చిన 'ఎ హార్ట్ ఫుల్ ఆఫ్ హెడ్‌స్టోన్స్' తెరవగానే రీబస్ కోర్టులో ముద్దాయి బోనులో నిలబడి ఉంటాడు. ఆ మొదటి పేజీ చదివి పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఎందుకంటే అతను అడ్డదారులు తొక్కడం నాకు ముప్పై ఏళ్ళనాటి పుస్తకాల నుంచీ తెలుసు. సాక్ష్యం దొరక్కపోతే పుట్టించడం, కాఫర్టీ లాంటి దాదాతో కూర్చుని మందు తాగడం, పై అధికారి మాట పెడచెవిన పెట్టడం. అప్పట్లో చదువుతూ 'అబ్బ, ఏం మగాడు' అనుకున్నాం. ఆ లెక్కలన్నీ ఇప్పుడు వడ్డీతో సహా కట్టమంటున్నాడు రచయిత. అప్పు చేసినప్పుడు పక్కన లేనివాళ్ళకి ఈ వసూలులో ఏం రుచి ఉంటుంది?

మడతపేజీ
పాతకాగితం గారి మాటే నాదీ. అయితే మొదటిదాంతో మొదలుపెట్టమని మాత్రం చెప్పను. 'నాట్స్ అండ్ క్రాసెస్' రాసేటప్పుడు రాంకిన్ ఎడిన్‌బరా యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి. సిరీస్ మొదలుపెడుతున్నానన్న ఆలోచనే లేదు, ఒకే మనిషిలో మంచివాడూ చెడ్డవాడూ ఉండే జెకిల్ అండ్ హైడ్ కథని కొత్తకాలానికి తెస్తున్నాననుకున్నాడు. తీరా షాపుల్లో క్రైమ్ అరలో పెట్టారని చూసి తెల్లబోయాడట. ఆ తడబాటు పుస్తకంలో కనబడుతుంది. రీబస్ అందులో వేరే మనిషిలా ఉంటాడు.

నా ఓటు 'బ్లాక్ అండ్ బ్లూ'కి. 1997, ఎనిమిదో పుస్తకం, క్రైమ్ నవలలకిచ్చే గోల్డ్ డాగర్ బహుమతి వచ్చింది. 1960ల చివర్లో గ్లాస్గోలో ముగ్గురు ఆడవాళ్ళని చంపి ఇప్పటికీ దొరకని 'బైబిల్ జాన్' అనే హంతకుడి నిజం కేసు ఉంది కదా, దాన్ని తీసుకుని, అతన్ని అనుకరించే కొత్త హంతకుడొకడు వచ్చాడని కల్పించాడు. ఆ పాత హంతకుడికి ఈ కొత్తవాడి మీద ఒళ్ళు మండుతుంది! కథ ఎడిన్‌బరా, గ్లాస్గో, అబర్డీన్, అక్కణ్ణుంచి ఉత్తర సముద్రంలో చమురు బావుల దాకా పోతుంది. ఇది నచ్చకపోతే రీబస్ మీకు పడడు, ఫ్రెండ్ పుస్తకం నిశ్చింతగా తిరిగిచ్చేయొచ్చు.

తొలిమెట్టు
అయితే ఎనిమిదితో మొదలుపెట్టి, ఇరవై అయిదు దాకా రమ్మంటారు. మధ్యలో పదహారున్నాయి. మీకు నా మీద జాలి లేదా?

గళ్ళనుడికట్టు
అన్నీ అక్కర్లేదు. 'బ్లాక్ అండ్ బ్లూ', తర్వాత రిటైర్మెంటు పుస్తకం 'ఎగ్జిట్ మ్యూజిక్', ఆపైన 'హెడ్‌స్టోన్స్', అప్పుడు ఇది. మూడు చదివితే నాలుగోదానికి రావచ్చు.

పాతకాగితం
రిటైర్మెంటు మాటొచ్చింది కాబట్టి చెబుతాను. ఈ సిరీస్‌కి మిగతావాటికీ తేడా ఇక్కడే ఉంది.

రీబస్ 1947లో పుట్టినవాడని లెక్క. పుస్తకం పుస్తకానికీ నిజం కాలమే నడుస్తుంది. స్కాట్లాండ్‌కి సొంత పార్లమెంటు వస్తే అతని ఊళ్ళో వస్తుంది, జీ8 సమావేశం జరిగితే అతని డ్యూటీలో జరుగుతుంది. అలా నడుపుతుంటే, పోలీసులకి అరవైకి రిటైర్మెంటు ఉంటుంది కదా అని ఒక పోలీసే రచయితకి గుర్తుచేశాడు. ఇంకేముంది, 2007లో 'ఎగ్జిట్ మ్యూజిక్'. రీబస్ కోసం పోలీసుల పదవీ విరమణ వయసు పెంచొచ్చు కదా అని స్కాట్లాండ్ పార్లమెంటులో ఒక సభ్యురాలు సరదాగా అడిగింది కూడా. పెంచలేదు. 2012లో పాత కేసుల విభాగంలో మామూలు పౌరుడిగా తిరిగొచ్చాడు. ఆ తర్వాత మళ్ళీ పోలీసుల్లో చేరాడు గానీ, పోయిన హోదా తిరిగి రాలేదు. కింది ర్యాంకుతో సరిపెట్టుకున్నాడు.

నాకు అన్నిటికన్నా బాగా గుర్తుండిపోయింది 2020లో వచ్చిన 'ఎ సాంగ్ ఫర్ ద డార్క్ టైమ్స్' మొదలు. ఆర్డెన్ స్ట్రీట్‌లో రీబస్ ఉండే వాటా మెట్లెక్కి వెళ్ళాల్సింది. ఎన్నో పుస్తకాల్లో అర్ధరాత్రి తాగి ఆ మెట్లెక్కాడు, కిటికీ దగ్గర కుర్చీలో పాటలు వింటూ నిద్రపోయాడు. ఊపిరితిత్తుల జబ్బు ముదిరి ఇంక ఎక్కలేక అదే బిల్డింగులో కింది వాటాలోకి మారతాడు. షివోన్ వచ్చి సామాన్లు సర్దిపెడుతుంది. హత్య లేదు, రక్తం లేదు, అట్టపెట్టెలు, కుక్క, పాత రికార్డులు. కొత్తగా చదివేవాడికి అది ఇల్లు మారే సీను. నాకు మాత్రం ఏ హత్యా అంత గుచ్చుకోలేదు.

రాత్రిబండి
బాగా చెప్పారు గానీ, నేను ఒప్పుకోను. డిటెక్టివ్‌కి వయసెందుకండీ? మోకాళ్ళ నొప్పులు మన ఇంట్లో లేవా?

పోయిరో సంగతి చూడండి. అగాథా క్రిస్టీ మొదటి నవల 1920లో వచ్చేసరికే అతను బెల్జియం పోలీసుల్లో రిటైరైనవాడు. చివరి నవల 'కర్టెన్' అచ్చయింది 1975లో. లెక్కేస్తే నూరేళ్ళు ఎప్పుడో దాటిపోవాలి. ఎవడైనా పట్టించుకున్నాడా? మొదట్లోనే ఇంకాస్త చిన్నవాడిగా పెట్టాల్సిందని ఆవిడ అనుకుందే తప్ప, పాఠకులు మాత్రం మీసం సరిగ్గా ఉందా లేదా అన్నదే చూసుకున్నారు. పైగా ఆ 'కర్టెన్'ని రెండో ప్రపంచయుద్ధం రోజుల్లోనే రాసి దాచిపెట్టింది. అంటే హీరో చావు దగ్గర పెట్టుకుని మూడు దశాబ్దాలు మామూలుగా కేసులు రాసుకుంటూ పోయింది! పుస్తకం వచ్చేటప్పటికి న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో పోయిరో మరణవార్త వేసింది. వయసు పెరగని మనిషికి దక్కిన మర్యాద అది.

మన కొమ్మూరి యుగంధర్‌ని తీసుకోండి. మొహంలో ముడత పడిందా, అసిస్టెంటు రాజు ఎప్పుడైనా యుగంధర్ సీట్లో కూర్చున్నాడా? మనకేమైనా లోటనిపించిందా? ఏ పుస్తకం దొరికితే అది చదివేవాళ్ళం. వరసతో పనే లేదు. అదీ సుఖం.

పాతకాగితం
సుఖమే, కాదనను. యుగంధర్ పుస్తకాల్లో కథలు మీకెన్ని గుర్తున్నాయి? నాకు యుగంధర్ గుర్తున్నాడు, రాజు గుర్తున్నాడు, కేసులు మాత్రం ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. రీబస్ విషయంలో ఏ కేసు ఏ ఏడాది జరిగిందో చెప్పగలను, ఎందుకంటే అప్పటికి అతని కూతురి పరిస్థితేమిటో, ఎవరితో మాటలు ఆగిపోయాయో గుర్తుంటుంది.

తెలుగులో కాదుగానీ, బెంగాలీలో శరదిందు బందోపాధ్యాయ తన డిటెక్టివ్ బ్యోమకేశ్‌కి వయసిచ్చాడు. 1932లో మొదలైన కుర్రాడు ఒక కేసులో కలిసిన అమ్మాయినే పెళ్ళి చేసుకుని, కొడుకుని కని, సంసారం చేస్తూ కేసులు చూశాడు. నష్టమేమీ జరగలేదు.

గళ్ళనుడికట్టు
మధ్యే మార్గం కూడా ఉంది. సూ గ్రాఫ్టన్ రాసిన డిటెక్టివ్ కిన్సీ మిల్‌హోన్ పుస్తకాలు. ఒక్కో పుస్తకం పేరుకి ఒక్కో ఇంగ్లీషు అక్షరం. 1982లో 'ఎ' అక్షరంతో మొదలుపెట్టి 2017లో 'వై' దాకా వచ్చింది. బయట ముప్పై అయిదేళ్ళు గడిస్తే పుస్తకాల్లో కిన్సీకి ఏడెనిమిదేళ్ళు గడిచాయి, అంతే. కథలన్నీ 1980లలోనే ఉండిపోయాయి. దాంతో సెల్‌ఫోన్ గొడవ లేదు, ఇంటర్నెట్ గొడవ లేదు. ఏదైనా కావాలంటే ఆఫీసుకెళ్ళి పాత రికార్డులు తిరగేయాల్సిందే. డిటెక్టివ్‌కి పని మిగలాలంటే అదే మంచి కాలం.

కొసమెరుపు
ఆ 'వై' తర్వాత జరిగింది కూడా చెప్పండి. అదే ఏడాది డిసెంబరులో ఆవిడ పోయింది. వేరేవాళ్ళ చేత 'జెడ్' రాయించబోమని, తమ వరకు అక్షరమాల 'వై'తోనే ఆగిపోయిందని కుటుంబం ప్రకటించింది. అది చూసి నేను దండం పెట్టాను. స్వీడన్ రచయిత స్టీగ్ లార్సన్ 2004లో పోతే, అతను రాసింది మూడే అయినా, సిరీస్ ఇంకొకరి చేతికి, అక్కణ్ణుంచి మరొకరి చేతికి పోయింది. లీ చైల్డ్ అయితే బతికుండగానే తన హీరో జాక్ రీచర్‌ని తమ్ముడికి అప్పగించేశాడు, 2020 నుంచి ఇద్దరి పేర్లతో వస్తున్నాయి. చదివాను. జాక్ రీచర్ లాగే ఉంటాడు, మాట్లాడతాడు, కొడతాడు. ఏదో ఒకటి తక్కువ.

నా అసలు గోల వేరే. సిరీస్‌ని ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్ళు చాలా తక్కువ. స్వీడన్‌లో షోవాల్, వాలో అనే రచయితల జంట మార్టిన్ బెక్ అనే పోలీసు మీద పది పుస్తకాలే రాయాలని ముందే అనుకున్నారు. 1965 నుంచి 1975 దాకా పది రాశారు, అయిపోయింది. పదీ కలిపి ఒకే పెద్ద నవలలా ఉంటుంది. రాంకిన్ 2007లో ఆపేసి ఉంటే రీబస్ అలాగే నిలిచిపోయేవాడు. ఆ చివరి పేజీ, కాఫర్టీ మంచం పక్కన జరిగేది, దానికన్నా మంచి ముగింపు ఎక్కడుంది? (తొలిమెట్టు గారు ఉన్నారు కాబట్టి ఇంతకన్నా చెప్పను.)

మడతపేజీ
అది గొప్ప ముగింపే. అక్కడే ఆపేస్తే రీబస్ గెలిచి వెళ్ళిపోయినట్టుండేది కూడా. అతను చేసినవాటికి ఎవరూ లెక్క అడగలేదు. నేటి పోలీసుల్ని చూస్తున్న పాఠకుడికి ఆ పాత మోటు పద్ధతులు నచ్చవని రాంకిన్‌కి తెలుసు. అందుకే ఫాక్స్‌ని తెచ్చాడు, పోలీసుల తప్పులు పట్టే పోలీసు. మొదట్లో ఫాక్స్ అంటే మనందరికీ విసుగు. ఇప్పుడు చదివితే ఫాక్స్ అడిగిన ప్రశ్నలు సరైనవే అనిపిస్తాయి. తన సొంత హీరో మీద కేసు పెట్టి, విచారణ జరిపి, లోపలేయడానికి ఎంత ధైర్యం కావాలి? హోమ్స్‌ని చంపడం దానికన్నా తేలిక. కోనన్ డాయిల్ 1893లో చంపేశాడు, పదేళ్ళకి బతికించాడు. రీబస్‌కి వచ్చినట్టు శిక్ష పడే దాకా మాత్రం తీసుకెళ్ళలేదు.

కొసమెరుపు గారు మొదట అన్నదానికి కూడా ఇదే నా జవాబు. హత్య కేసు చూసే టీమ్ వేరే అన్నారు, అంటే దర్యాప్తు రీబస్ చేతిలో లేదని. లేదు, నిజమే. ఎవరైనా సాయం చేస్తే తప్ప అడుగు పడదు. ఇన్నేళ్ళు ఎవరి మాటా వినని మనిషి ఇప్పుడు గార్డు దయ కోసం, తోటి ఖైదీ దయ కోసం, ఒకప్పుడు తన కింద పనిచేసిన షివోన్ ఫోన్ కోసం ఎదురుచూడాలి. నాకు అదే థ్రిల్లర్.

కొసమెరుపు
సరే, ఆ కోణంలో ఒప్పుకుంటాను. అధ్యాయాలు మరీ చిన్నవన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. షివోన్ కేసు హడావిడిగా ముగించాడన్నది కూడా. ఆ పిల్ల ఇంట్లో సీన్లు ఇంకో ముప్పై పేజీలు రాసి ఉంటే పుస్తకం ఎక్కడికో వెళ్ళేది.

మడతపేజీ
షివోన్ విషయంలో మీతోనే ఉన్నాను. ఆవిడకి రావలసిన పుస్తకం ఇంకా రాలేదు.

రాత్రిబండి
ఇంత చదివే ఓపిక లేనివాళ్ళకి సీరియల్ ఉంది కదా?

గళ్ళనుడికట్టు
మూడున్నాయి. 2000లో జాన్ హానా, ఆ తర్వాత కెన్ స్టాట్, 2024లో బీబీసీకి రిచర్డ్ రాంకిన్. ఈ చివరి దాంట్లో రీబస్‌ని కుర్రాణ్ణి చేసి ఇప్పటి ఎడిన్‌బరాలో పెట్టారు. పుస్తకంలో ముసలాడై జైలుకెళ్ళిన ఏడాదే తెరమీద మళ్ళీ యువకుడయ్యాడు. మొహం సంగతికొస్తే నాకు స్టాట్ తప్ప ఇంకెవరూ రీబస్‌లా అనిపించరు. హానా మంచి నటుడే, కానీ మరీ నాజూగ్గా ఉన్నాడు.

పాతకాగితం
సీరియల్ ముందు చూడకండి. 'బ్లాక్ అండ్ బ్లూ'ని గంటన్నరలోకి కుదించి చంపేశారు.

తొలిమెట్టు
మీ అందరి పోట్లాట చూశాక 'బ్లాక్ అండ్ బ్లూ' తెచ్చుకుని మొదలుపెట్టాను. ఒకే మనిషి నెత్తిన ఇన్ని కేసులా? పై అధికారులు అతని మీదే విచారణ వేస్తున్నారు, అతనేమో అబర్డీన్ పారిపోతున్నాడు. ఈ మనిషి జైలుకి ఇంత ఆలస్యంగా ఎలా వెళ్ళాడన్నదే నాకిప్పుడు అర్థం కావట్లేదు.

ఒక్క సందేహం. ఇందులో అతనితో ఉండే జాక్ మోర్టన్ నాకు తెగ నచ్చేశాడు. తర్వాతి పుస్తకాల్లో కూడా ఉంటాడా?

పాతకాగితం
తర్వాతిది చదవండి.

కొసమెరుపు
పాతకాగితం గారూ, ఆ జవాబుతో సగం చెప్పేశారు. తొలిమెట్టు గారూ, మీరు అబర్డీన్‌లోనే ఉండండి, కంగారేం లేదు.